చిన్న క్లినిక్‌లో కెటమిన్: తాళం, రిజిస్టరు, దొరకని వయల్

తమ్ముడూ, నీ ప్రశ్న పొద్దున్నే చూశాను. ఫోన్లో నాలుగు ముక్కలు కొట్టి వదిలేసే విషయం కాదని రాత్రి క్లినిక్ మూశాక కూర్చున్నాను. నువ్వు అడిగింది ఇదీ: సొంతంగా కుక్కల, పిల్లుల క్లినిక్ పెట్టావు, ఊళ్లో ఒక్క మెడికల్ షాపూ ఆపరేషన్‌కు మత్తిచ్చే కెటమిన్ ఇవ్వనంటోంది, ఒక షాపాయన "అది దగ్గర పెట్టుకుంటే ఎన్‌డీపీఎస్, అదే మత్తుపదార్థాల చట్టం కింద కేసు, బెయిల్ కూడా రాదు డాక్టర్ గారూ" అన్నాడు, ఇంత టెన్షన్ ఎందుకు, అది లేకుండా నడపలేమా అని.

నడపొచ్చు. కానీ డబ్బున్న వాళ్ల కుక్కలకే నడుస్తుంది. వీధికుక్కలు, పిల్లులు, మేకలు, మామూలు జీతగాళ్ల పెంపుడు జంతువులు నష్టపోతాయి. అందుకే కెటమిన్ వదులుకోమని నేను చెప్పను, వాడకం లెక్క రాసే రిజిస్టరు నేర్చుకోమని చెబుతాను. ఇరవై ఏళ్లు దాటింది నేను గోదావరి ఒడ్డున ఈ పని మొదలుపెట్టి, ఈ మందు మామూలు చీటీ మీద దొరికిన రోజులూ చూశాను, ఒక్క వయల్ (ఇంజెక్షన్ సీసా) కోసం విజయవాడ ఫోన్లు చేసి బతిమాలిన రోజులూ చూశాను.

ముందు భయం సంగతి. మన భాషలోనే ఒక చిక్కుంది చూడు, ఆపరేషన్‌కు ఇచ్చేదీ మత్తుమందే, పోలీసులు పట్టుకునేదీ మత్తుమందే. మనుషుల ఆస్పత్రిలో మత్తు డాక్టరు అంటే గౌరవం, అదే మాట పేపర్లో హెడ్డింగు అయితే నేరం. కెటమిన్ ఈ రెంటి మధ్యా నిలబడిన మందు. 1962లో అమెరికాలో పార్క్ డేవిస్ కంపెనీలో తయారైంది, 1970లో అక్కడ అనుమతి వచ్చింది. ఊపిరి ఆగకుండా, బీపీ పడిపోకుండా, పెద్ద యంత్రాలు లేకుండా నొప్పి తెలియనివ్వని మందు కాబట్టి యుద్ధరంగంలోనూ, కరెంటు లేని ఆస్పత్రుల్లోనూ ప్రాణాలు కాపాడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. అదే మందును పార్టీల్లో మత్తు కోసం వాడే వాళ్లు పెరిగారు, మానకుండా వాడిన కుర్రాళ్లకు మూత్రాశయం కుంచించుకుపోయి పావుగంటకోసారి బాత్‌రూముకు పరుగెత్తే స్థితి వస్తోంది. దీన్ని చిన్న విషయం అనకు. కట్టడి ఎందుకు పెట్టారని నేను ఎప్పుడూ అడగను, అది పెట్టాల్సిందే.

మన దేశంలో ఆ కట్టడి రెండు మెట్లలో వచ్చింది. 2011 ఫిబ్రవరిలో కెటమిన్‌ను ఎన్‌డీపీఎస్ చట్టంలో సైకోట్రాపిక్ (మనసు మీద పనిచేసే) పదార్థాల జాబితాలో చేర్చారు. 2013 డిసెంబరులో డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లో గట్టి కట్టడి ఉన్న మందుల జాబితా, షెడ్యూల్ ఎక్స్‌లోకి మార్చారు. మొదటిది పోలీసుల వైపు నుంచి వచ్చిన కట్టడి, రెండోది డ్రగ్ ఇన్‌స్పెక్టర్ల వైపు నుంచి వచ్చింది. నీ ఊళ్లో షాపాయన ఇవ్వనంటున్నది ఎక్కువగా ఈ రెండోదాని వల్లే. షెడ్యూల్ ఎక్స్ మందు రిటైల్‌గా అమ్మాలంటే మామూలు లైసెన్సు చాలదు, ఫారం 20ఎఫ్ లైసెన్సు వేరే తీసుకోవాలి, తాళం వేసిన బీరువాలో పెట్టాలి, చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒకటి తను రెండేళ్లు దాచాలి. నెలకు నాలుగు వయల్స్ అమ్మితే మిగిలే పదీ పరకా కోసం ఇంత తలనొప్పి ఏ షాపువాడు పెట్టుకుంటాడు? ఆయన తప్పేం లేదు. ఆయన మీద కోపం తెచ్చుకోకు.

అసలు నొప్పి ఇక్కడే ఉంది. మనవాళ్లు చాలామంది రిజిస్టరు రాయడమే భారం అంటారు. నేను ఒప్పుకోను. రిజిస్టరు రోజుకు పది నిమిషాల పని. సరఫరా గొలుసులో కింది కొస తెగిపోవడమే భారం. కార్పొరేట్ ఆస్పత్రికి సొంత ఫార్మసీ ఉంటుంది, సొంత లైసెన్సు ఉంటుంది, నెలకు పెట్టెలకు పెట్టెలు కొంటుంది, స్టాకిస్టు గుమ్మం ముందుకు తెచ్చి ఇస్తాడు. నీలాంటి ఒక గది, ఒక టేబుల్, ఒక అసిస్టెంటు ఉన్న క్లినిక్‌కు ఐదు వయల్స్ కావాలంటే ఎవడూ కదలడు. చట్టం ఇద్దరికీ ఒకటే, మోసే భుజాలే వేరు.

షెడ్యూల్ ఎక్స్ వచ్చిన కొత్తలో, 2014 ఎండాకాలం, ఒక ఆదివారం సాయంత్రం ఒక మేష్టారు ఏడేళ్ల లాబ్రడార్‌ను తీసుకొచ్చారు. గర్భసంచి నిండా చీము. పొట్ట మీద చేయి వేస్తేనే తెలిసిపోతోంది, చిగుళ్లు ఇటుక రంగులో ఉన్నాయి, నీళ్లు తాగి తాగి కక్కుతోంది. ఆ రాత్రే తీసేయాలి. నా దగ్గర కెటమిన్ అయిపోయి మూడు వారాలు, ఎప్పుడూ ఇచ్చే స్టాకిస్టు కొత్త లైసెన్సు వచ్చేదాకా ఆపేశానన్నాడు. ఇంకో మత్తుమందు థయోపెంటోన్ ఆ నెల దొరకలేదు. నరానికి ఇచ్చే మత్తు ప్రొపోఫాల్ ఉంది, కానీ అప్పట్లో నా గదిలో ఆక్సిజన్ సిలిండర్ లేదు, అంత డస్సిపోయిన కుక్కకు గంటసేపు ప్రొపోఫాల్ ఇస్తూ ఊపిరి ఆగితే ఏం చేయాలి? ధైర్యం చేయలేకపోయాను. సెలైన్ ఎక్కించి, యాంటీబయాటిక్ వేసి, కారు మాట్లాడి విజయవాడ పంపాను. ఏలూరు దాటకముందే పోయిందని మేష్టారు ఫోన్ చేశారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ నెలాఖరుకు అప్పు చేసి సిలిండర్ కొన్నాను.

ఇక "లేకుండా నడపలేమా" అన్నదానికి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పుస్తకంలో చదివితే ప్రత్యామ్నాయాలు చాలా కనిపిస్తాయి. ఆవులు, గేదెల డాక్టర్లకు ఈ గొడవ పెద్దగా తగలదు. గేదెకు కడుపు కోసి దూడను తీయాలన్నా, ఆవుకు కొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేయాలన్నా లిగ్నోకైన్‌తో తిమ్మిరెక్కించి, అవసరమైతే మగత తెప్పించే జైలజిన్ కాస్త ఇచ్చి పని నడిపిస్తారు. కుక్కా, పిల్లీ అలా నిలబడవు. వాటికి ప్రొపోఫాల్ మంచి మందే, దానికి షెడ్యూల్ ఎక్స్ గొడవ లేదు, నేనూ రోజూ వాడతాను. కానీ అది నరానికే ఇవ్వాలి, నరం దొరకాలంటే జంతువు కదలకుండా పట్టుకోనివ్వాలి. చేతికి దొరకని పిల్లికి నరం ఎక్కడ వెతుకుతావు? పైగా తెరిచిన ప్రొపోఫాల్‌లో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి, మిగిలింది రేపటికి దాచే మందు కాదు, పారబోయాల్సిందే. పీల్చే మత్తు ఐసోఫ్లురేన్ ఇంకా మంచిది, కానీ దానికి వేపరైజరు, మెషీను, ఆక్సిజన్, గదిలోంచి గ్యాసు బయటికి పోయే ఏర్పాటు కావాలి, లక్షల్లో పని. కొత్తగా పెట్టిన క్లినిక్‌కు మొదటి ఏడాది అది కుదరదు.

కెటమిన్ అయితే కండకు వేస్తే చాలు. సంచిలో గుర్రుమంటున్న పిల్లి, ఆడదే, రెండున్నర కిలోలు, యజమాని చేతికి అప్పటికే మూడు గాట్లు. సంచి బట్ట మీదుగానే తొడ కండ పట్టుకుని జైలజిన్‌తో కలిపి వేస్తావు. గుర్రు సన్నబడుతుంది, తల ఒక పక్కకు వాలుతుంది, కొద్ది నిమిషాల్లో టేబుల్ మీద పడుకోబెట్టొచ్చు. కళ్లు మాత్రం తెరుచుకునే ఉంటాయి, రెప్ప వేయదు. కొత్తవాళ్లు అది చూసి మత్తు ఎక్కలేదనుకుని ఇంకో డోసు వేస్తారు, ఆ పొరపాటు చేయకు. రెండు కళ్లలోనూ ఆయింట్‌మెంట్ గీత గీయి, లేకపోతే ఫ్యాను గాలికి ఆరిపోయి సాయంత్రానికి పుండు పడుతుంది. ఈ పనిని నరం వెతక్కుండా, గ్యాసు మెషీను లేకుండా ఇంత తక్కువ ఖర్చులో చేసే మందు నాకు ఇంకొకటి తెలియదు. 2015లో చైనా దీన్ని అంతర్జాతీయ ఒప్పందం కిందకు తేవాలని ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దని చెప్పింది. అలా చేస్తే పేద దేశాల్లో ఆపరేషన్లు ఆగిపోతాయన్నది వాళ్ల ఆందోళన. నిర్ణయం వాయిదా పడింది. మనుషులకే ఆ మాట చెల్లినప్పుడు జంతువుల సంగతి వేరే చెప్పాలా.

చట్టం మన గురించి ఏమంటుందో ఇప్పుడు విను, షాపాయన మాట మీద ఉండిపోకు. డ్రగ్స్ రూల్స్‌లో (పైన చెప్పిన డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌కు ఇప్పటి పేరు) రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అన్న నిర్వచనంలో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన అర్హత ఉండి పశువైద్యం చేసేవాళ్లూ ఉన్నారు. కాబట్టి కౌంటరు పెట్టి అమ్మకుండా నీ సొంత పేషెంటుకే వాడుకుంటే షెడ్యూల్ కె కింద అమ్మకపు లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది, షరతులతో. లైసెన్సు ఉన్నవాడి దగ్గరే కొనాలి, కొన్న బిల్లులు చూపించాలి, ఎవరికి ఎంత ఇచ్చావో రిజిస్టరులో రాయాలి, ఆ రిజిస్టరును చివరి ఎంట్రీ నుంచి రెండేళ్లు దాచాలి. ఇటు ఎన్‌డీపీఎస్ రూల్స్‌లో 66వ రూలు ప్రకారం లైసెన్సు లేనివాళ్లు కూడా నిజమైన వైద్య అవసరానికి "సహేతుకమైన" పరిమాణం దగ్గర ఉంచుకోవచ్చు. ఆ మాట వినడానికి బాగుంటుంది. కానీ ఒక వెటర్నరీ క్లినిక్‌కు సహేతుకం అంటే ఐదు వయల్సా, యాభయ్యా అన్నది అందులో లేదు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు మనసులో ఎంత ఉంటే అంత. నాకు ఈ మొత్తం వ్యవహారంలో కోపం తెప్పించేది ఇదొక్కటే.

లెక్క వేసి చూపిస్తాను. మన దగ్గర ఎక్కువగా దొరికే వయల్ 10 మిల్లీలీటర్లు, మిల్లీకి 50 మిల్లీగ్రాములు, అంటే వయల్‌కు అర గ్రాము మందు. పదిహేను కిలోల వీధికుక్కకు కిలోకు 10 మిల్లీగ్రాముల లెక్కన 3 మిల్లీలీటర్లు పోతుంది, వయల్ మూడు కుక్కలకు పోను కాస్త మిగులుతుంది. రోజుకు ఇరవై కు.ని. ఆపరేషన్లు చేసే ఏబీసీ (వీధికుక్కల సంతాన నియంత్రణ) సెంటరుకు రోజుకు ఆరు వయల్స్, నెలకు పాతిక రోజులైతే నూటయాభై, అంటే 75 గ్రాములు. ఎన్‌డీపీఎస్ లెక్కలో కెటమిన్‌కు చిన్న పరిమాణం 10 గ్రాములు, వాణిజ్య పరిమాణం 500 గ్రాములు. 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు మిశ్రమంలో కలిసిన వేరే పదార్థం బరువునూ కలిపే లెక్కించాలని చెప్పింది కాబట్టి వయల్‌లో నీళ్ల బరువు కూడా లెక్కలోకి వస్తుందేమోనని మనవాళ్లు హడలిపోతుంటారు. ఈ పరిమాణాలు అక్రమంగా పెట్టుకున్నవాళ్లకు శిక్ష నిర్ణయించడానికి, వైద్యానికి సక్రమంగా పెట్టుకున్నవాడికి కాదు. అయితే సక్రమం అని చూపించాల్సింది నువ్వే, చూపించేది నీ రిజిస్టరే. అందుకే దాన్ని భారం అనొద్దంటున్నాను, అది నీ లాయరు.

నా రిజిస్టరు ఎలా ఉంటుందో చెబుతాను. లావుపాటి గట్టి అట్ట పుస్తకం, ప్రతి పేజీకి నంబరు ముందే వేసి ఉంటుంది, చింపడానికి లేదు. ఎడమ పేజీలో వచ్చిన సరుకు: తేదీ, ఎవరి దగ్గర కొన్నాను, బిల్లు నంబరు, బ్యాచ్ నంబరు, ఎన్ని వయల్స్. కుడి పేజీలో వాడిన లెక్క: తేదీ, కేసు నంబరు, యజమాని పేరు, జంతువు, బరువు, ఎన్ని మిల్లీలు తీశాను, ఎన్ని ఇచ్చాను, ఎన్ని పారబోశాను, వయల్‌లో మిగిలింది, నా సంతకం, అసిస్టెంటు సంతకం. తెరిచిన వయల్ మీద స్కెచ్ పెన్నుతో నంబరు వేస్తాను. బరువు అంచనాగా రాయకు, తూకం వేసి రాయి, ఎందుకంటే బరువుకు, మిల్లీలకు పొంతన లేని చోటే ప్రశ్న వస్తుంది. సిరంజిలో, సూది మొదట్లో కొంచెం కొంచెం మిగిలిపోతుంది, పది డోసులు తీసేసరికి అర మిల్లీ తేడా రావచ్చు, ఆ తేడాను ఏ రోజుకారోజు రాసెయ్, నెలాఖరున సర్దకు. తప్పు పడితే వైట్‌నర్ పూయకు, ఒక్క గీత కొట్టి పక్కన రాసి సంతకం పెట్టు.

కరోనా తర్వాత ఒక ఏడాది మా అసిస్టెంటు చేతిలోంచి నిండు వయల్ జారి గచ్చు మీద పగిలింది. పిల్లాడు ఏడుపు ముఖం పెట్టాడు, తుడవబోతే ఆపాను. పగిలిన గాజు, లేబులు, తడి నేల కలిసి కనిపించేలా ఫొటో తీశాం, బ్యాచ్ నంబరు కనబడే లేబులు ముక్కను ఆరబెట్టి రిజిస్టరులో అతికించాం, ఏం జరిగిందో రెండు వాక్యాలు రాసి ఇద్దరం సంతకం పెట్టాం. నాలుగు నెలలకు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగాడు. అతికించిన లేబులు వేలితో ఒకసారి తడిమి, పేజీ తిప్పాడు. ఇరవై నిమిషాల్లో వెళ్లిపోయాడు. అదే ఏడాది మరో ఊళ్లో నాకు తెలిసిన డాక్టరు ఒకాయన, చాలా మంచి సర్జన్, బిల్లు లేకుండా ఎవరో తెచ్చి ఇచ్చిన వయల్స్ వాడి ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆయన ఒక్క మిల్లీ కూడా బయట అమ్మలేదు. కాగితం లేదు, అంతే.

ఫిట్స్‌కు, మగతకు వాడే డయాజెపామ్, మిడజోలామ్, నొప్పికి వాడే ట్రమడాల్ కూడా ఈ చట్టాల కిందివే, ట్రమడాల్ 2018 ఏప్రిల్‌లో ఎన్‌డీపీఎస్‌లోకి వచ్చింది. ఇవి షెడ్యూల్ ఎక్స్ కంటే తక్కువ కట్టడి ఉన్న షెడ్యూల్ హెచ్1 కాబట్టి షాపుల్లో దొరుకుతాయి, కానీ ఫిట్స్ వచ్చే కుక్క ఇంటికి చీటీ రాసేటప్పుడు తెలిసిన మొహమే కదా అని తేదీ, పరిమాణం వదిలేయకు. గట్టి నొప్పి మందులు ఫెంటానిల్, మార్ఫిన్ గుర్తింపు పొందిన వైద్య సంస్థల దారిలో వస్తాయి, ఒక గది క్లినిక్‌కు ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. నొప్పికి మెలోక్సికామ్, లిగ్నోకైన్ బ్లాకులు బాగా నేర్చుకో.

నియమాలు రాసేవాళ్లు ఒకరినొకరు చూసుకోరనడానికి ఒక ఉదాహరణ. 2023 మార్చిలో వచ్చిన కొత్త ఏబీసీ నియమాల్లో నయం కాని గాయాలతో ఉన్న వీధికుక్కను బాధ లేకుండా సాగనంపడానికి నరానికి సోడియం పెంటోబార్బిటాల్ ఇవ్వమని రాశారు, లేదా ఆమోదం పొందిన వేరే పద్ధతి. పెంటోబార్బిటాల్ షెడ్యూల్ ఎక్స్‌లోనే ఉంది. లారీ కింద నడుం విరిగిన కుక్కను రాత్రి పదింటికి తెస్తే ఆ మందు నేను ఎక్కడినుంచి తేవాలి? మరోపక్క 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కలకు ఆపరేషన్, టీకా చేసి వదలమని చెప్పాక అన్ని మున్సిపాలిటీల మీదా ఒత్తిడి పెరిగింది. ఆపరేషన్లు పెంచమంటారు, మత్తు సరఫరా మాట ఎవరూ ఎత్తరు. సరఫరా సన్నబడితే చివరికి ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు, డోసు తగ్గిస్తారు, సగం మత్తులో కోస్తారు. అది నేను కళ్లారా చూశాను, ఇంకోసారి చూడలేను.

దీనికి మార్గం లేదనుకోకు. అమెరికాలో డీఈఏ (మత్తుమందుల కట్టడి చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఒక చిరునామాకే ఉండేది, పొలానికి వెళ్లే పశువుల డాక్టరు బ్యాగులో కెటమిన్ తీసుకెళ్తే సాంకేతికంగా తప్పయ్యేది. డాక్టర్లు పట్టుబట్టి అడిగారు, 2014లో వెటర్నరీ మెడిసిన్ మొబిలిటీ చట్టం చేసి ఆ ఇబ్బంది తీర్చారు. కట్టడి అలాగే ఉంది, పని చేసే తీరుకు తగ్గట్టు మలిచారు. మనకూ కావాల్సింది అంతే: వెటర్నరీ క్లినిక్‌కు నెలకు ఎంత ఉంచుకోవచ్చో అంకెల్లో రాసిన ఒక ఉత్తర్వు, జిల్లాకు ఒక్కచోటైనా, పశుసంవర్ధక శాఖ ఆస్పత్రిలో అయినా సరే, రిజిస్టర్డ్ డాక్టరు బిల్లు మీద కొనుక్కునే ఏర్పాటు. ఇది అడగడానికి మనం పది మందిమైనా కలిసి సంతకాలు పెట్టాలి. అదే అమెరికాలో ఇప్పుడు జైలజిన్‌ను వీధుల్లో ఫెంటానిల్‌లో కలుపుతున్నారని 2023 ఏప్రిల్‌లో వైట్‌హౌస్ ఆ మిశ్రమాన్ని కొత్త ముప్పుగా ప్రకటించింది. రేపు ఇక్కడ జైలజిన్ మీదా కట్టడి వస్తే మన చేతిలో ఉన్న రెండో మందు కూడా పోతుంది, అప్పుడు అడగడం ఆలస్యమవుతుంది.

నువ్వు ఈ వారం చేయాల్సింది చెబుతాను. మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు నువ్వే వెళ్లు, వాళ్లు వచ్చేదాకా ఆగకు. స్టేట్ వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాపీ, క్లినిక్ అడ్రసు ఇచ్చి, జిల్లాలో షెడ్యూల్ ఎక్స్ లైసెన్సు ఎవరికి ఉందో అడుగు, ఆ జాబితా వాళ్ల దగ్గర ఉంటుంది. నీ వాడకం ఎంతో ఒక కాగితం మీద రాసి ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకో, రేపు "సహేతుకం" అన్న మాట మీద పేచీ వస్తే అది పనికొస్తుంది. చుట్టుపక్కల నలుగురు డాక్టర్లు ఒకే స్టాకిస్టుకు ఒకేసారి ఆర్డరు పెట్టండి, బిల్లులు మాత్రం ఎవరివి వాళ్ల పేరు మీదే ఉండాలి. ఒకరి వయల్ ఇంకొకరికి అప్పు ఇవ్వడం, స్నేహం ఎంతైనా, వద్దు. గోడకు బిగించిన చిన్న ఇనుప పెట్టె, రెండు తాళం చెవులు, రెండూ నీ దగ్గరే. ఆక్సిజన్ సిలిండర్ మొదటి నెలలోనే కొను.

రిజిస్టరు కొన్నాక గీతలు గీసిన మొదటి పేజీ ఫొటో తీసి పెట్టు, కాలమ్స్ ఏవైనా తగ్గితే చెబుతాను.